పదిమందిలో పాము చావదు

లోకం నడకకు ఆధారమైన ఉచిత సాఫ్టువేరును రాసేవారు వేలమంది. అది సరిగా పనిచేస్తున్నదా అని ఓపికగా పరీక్షించేవారు ఎందరు?

2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరం ఒకటి ప్రపంచ వార్తలకు ఎక్కింది. ఆ అక్షరం ‘జ్ఞా’. ‘జ్ఞానం’ అన్న మాటకు మొదటి అక్షరం. అక్షరాల కలయికను నియంత్రించేందుకు వాడే, కంటికి కనిపించని ఒక సంకేతం ఆ అక్షరం నడుమ చేరిన సందేశం ఐఫోనుకు అందితే చాలు, దానిని తెరమీద చూపబోయిన ప్రోగ్రాము అక్కడికక్కడే కుప్పకూలేది. తెలుగు ఒక్క ముక్క రానివారు సైతం ఆ అక్షరాన్ని ఒకరికొకరు పంపుకుని ఆకతాయితనం చేశారు. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ సవరణను విడుదల చేసిన తరువాత గాని ఆ అలజడి సద్దుమణగలేదు.

ఇందులో మన లిపి దోషమేమీ లేదు. ఆ ఒక్క కలయిక, విడుదలకు ముందు జరిగే పరీక్షకు చిక్కకుండా జారిపోయింది, అంతే. జీతాలిచ్చి పరీక్షకులను పోషించుకోగల సంపన్న సంస్థకే ఈ గతి పట్టినప్పుడు, జీతమూ భత్యమూ లేకుండా తీరిక వేళల్లో కొందరు స్వచ్ఛందంగా రాసి లోకానికి ధారపోసే సాఫ్టువేరు మాటేమిటి?

ఈ ప్రశ్న కంప్యూటరు నిపుణులకు మాత్రమే చెందినదని పాఠకులు భావించనక్కరలేదు. ‘ఓపెన్ సోర్సు’ అని పిలిచే ఈ సాఫ్టువేరు మూలపాఠాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పదిమందికీ పంచవచ్చు. మీ చేతిలోని ఫోను, మీరు డబ్బు చెల్లించే బ్యాంకు, మీరు టికెట్టు కొనే వెబ్‌సైటు, వీటన్నిటి పునాదులలో ఎక్కడో ఒకచోట ఆ ఉచిత సాఫ్టువేరు ఉన్నది. దానిని రాసేవారి అలవాట్లు మంచివైతే మనకు క్షేమం. కాకపోతే ఆ నష్టం మనదాకా వస్తుంది.

ఒక మెతుకు చాలదు

అన్నం ఉడికినదో లేదో తెలుసుకోవడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలునని మన ఇళ్ళలో అంటారు. ప్రోగ్రాము విషయంలో ఈ నీతి చెల్లదు.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. ఇచ్చిన సంవత్సరం లీపు సంవత్సరమా కాదా అని చెప్పే ప్రోగ్రామును ఒక యువకుడు రాశాడనుకుందాం. నాలుగుతో నిశ్శేషంగా భాగింపబడితే లీపు సంవత్సరమని అతని సూత్రం. 2024 ఇచ్చి చూశాడు; సరైన సమాధానం వచ్చింది. 2023 ఇచ్చి చూశాడు, అదీ సరిపోయింది. సంతోషించి ప్రోగ్రామును లోకానికి అందించాడు. కాని 1900 నాలుగుతో భాగింపబడినా లీపు సంవత్సరం కాదు. 2000 మాత్రం లీపు సంవత్సరమే. నూరుతో భాగింపబడే సంవత్సరం నాలుగువందలతో కూడా భాగింపబడితేనే లీపు అవుతుందన్న నియమాన్ని అతడు మరిచాడు. అతడు పట్టి చూసిన రెండు మెతుకులూ ఉడికినవే. కుండలో మరోచోట ఉడకని గింజ అలాగే మిగిలిపోయింది.

హాలెండు దేశపు గణక శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1969లో రోము నగరంలో జరిగిన సదస్సులోనే ఈ సంగతిని హెచ్చరించాడు. పరీక్ష వల్ల తప్పులున్నాయని నిరూపించవచ్చునే గాని, తప్పులు లేవని నిరూపించడం సాధ్యం కాదన్నది ఆయన వాదం. ఆ మాట నేటికీ నిజమే. అయితే దాని అర్థం పరీక్ష వ్యర్థమని కాదు. ఏ మెతుకులు పట్టి చూడాలో, ఎన్నిసార్లు పట్టి చూడాలో తెలిసి ఉండాలని మాత్రమే.

కళ్ళు ఎన్ని ఉన్నా

1997లో ఎరిక్ రేమండ్ అనే అమెరికన్ రచయిత ఓపెన్ సోర్సు ఉద్యమాన్ని గురించి ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రకటించాడు. మూలపాఠాన్ని చూసే కళ్ళు ఎక్కువైన కొద్దీ ఎంతటి దోషమైనా ఎవరో ఒకరికి సులువుగా పట్టుబడుతుందని ఆయన సిద్ధాంతీకరించాడు. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ పేరిట దానిని ‘లినస్ సూత్రం’ అన్నాడు. ఆ సూత్రం ఎందరికో ధైర్యమిచ్చింది.

మన పెద్దలు మాత్రం మరొక సూత్రం చెప్పారు: పదిమందిలో పాము చావదు. పాము కనిపించినప్పుడు పదిమంది గుమికూడితే, పక్కవాడు కొడతాడులే అని ప్రతివాడూ అనుకుంటాడు. ఈలోగా పాము కలుగులో దూరుతుంది. ఈ రెండు సూత్రాలలో ఏది నిజమో 2014 ఏప్రిల్ 7న లోకానికి తెలిసివచ్చింది.

వెబ్‌సైటుతో మనం జరిపే సంభాషణను ఇతరులు వినకుండా గుప్తపరచే ‘ఓపెన్ ఎస్ఎస్ఎల్’ అనే ఉచిత సాఫ్టువేరును లక్షలాది కంప్యూటర్లు నమ్ముకుని ఉన్నాయి. అందులో ఒక చిన్న ఏర్పాటు ఉన్నది. సంభాషణ నడుమ నిశ్శబ్దం ఆవరించినప్పుడు ఒక కంప్యూటరు రెండవదానికి ఏదో ఒక మాట పంపి, ‘ఇది ఇన్ని అక్షరాల మాట, దీనిని తిరిగి పంపు’ అని అడుగుతుంది. జవాబు వస్తే అవతలిది సజీవంగా ఉన్నట్టు లెక్క. ఒక దుష్టుడు ఒక్క అక్షరం పంపి, ‘ఇది అరవైవేల అక్షరాల మాట’ అని అబద్ధమాడితే? ఆ ప్రోగ్రాము అబద్ధాన్ని సరిచూడలేదు. పంపిన ఒక్క అక్షరం తరువాత తన జ్ఞాపకశక్తిలో పక్కనే ఏది ఉంటే దానిని, రహస్య సంకేతాలను, ఇతరుల సంకేతపదాలను సైతం, అరవైవేల అక్షరాలు నిండేదాకా తోడి ఇచ్చేది.

‘హార్ట్‌బ్లీడ్’ అని పేరుపడిన ఈ దోషం 2011 డిసెంబరు 31న మూలపాఠంలో చేరింది; 2012 మార్చిలో విడుదలైంది. రెండేళ్ళకు పైగా ఆ పాఠం అందరి కళ్ళ ఎదుటే ఉన్నది. కాని ఏ కన్నూ దానిని పట్టలేదు. సంగతి వెల్లడైన వెంటనే కెనడా దేశపు పన్నుల విభాగం నుండి సుమారు 900 మంది పౌరుల గుర్తింపు సంఖ్యలు అపహరణకు గురయ్యాయి. చెప్పిన పొడవు నిజమైన పొడవుకన్నా ఎక్కువైనప్పుడు ఏమవుతుందని ప్రశ్నించే చిన్న పరీక్ష ఒక్కటి రాసి ఉంటే, దోషం విడుదలకు ముందే బయటపడేది.

ఇంతటి భారం మోస్తున్న ఆ బృందానికి సాలీనా అందుతూ వచ్చిన విరాళాలు సుమారు 2,000 డాలర్లేనని, పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కడేనని తరువాత బయటపడింది. వాడుకునేవారు కోట్లమంది, కర్ర పట్టుకున్నవాడు ఒక్కడు. ఆ తరువాతనే పెద్ద సంస్థలు మేలుకుని, లినక్స్ ఫౌండేషన్ ద్వారా ఇటువంటి బృందాలకు ధనసహాయం చేయసాగాయి.

ఎందుకు పరీక్షించరు?

ఉచితంగా పనిచేసేవారిని నిందించడం న్యాయం కాదు. వారి మనస్తత్వాన్ని అర్థం చేసుకోవడం మాత్రం అవసరం. కొత్త సౌకర్యాన్ని నిర్మించడంలో ఆనందం ఉన్నది, పేరు ఉన్నది. పరీక్ష రాయడంలో ఆ రెండూ తక్కువ. ఇల్లు కట్టినవాడిని ఊరంతా చూస్తుంది. పునాది తడిసిందో లేదో రోజూ చూసేవాడిని ఎవరూ తలచుకోరు.

రెండవ కారణం మమకారం. కాకి పిల్ల కాకికి ముద్దు. తాను రాసినదానిలో తప్పు ఉంటుందని అనుమానించడానికి మనసు ఒప్పుకోదు. దోషం ఉన్నదని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ‘నా యంత్రంలో బాగానే నడుస్తున్నదే!’ అన్నది ప్రోగ్రాము రచయితల నోట ప్రపంచమంతటా వినిపించే జవాబు. తన యంత్రం, తన భాష, తన అలవాటు, వీటికి వెలుపల ఉన్న లోకం అతనికి కనిపించదు.

మూడవది, పైన చెప్పిన పాము కథ. ‘పాఠం బహిరంగంగానే ఉన్నది కదా, ఎవరో చూసే ఉంటారు’ అన్న నమ్మకం. ఈ మూడింటికీ మందు ఒక్కటే: పరీక్షను ఉత్సాహానికి వదలక, ఆచారంగా మార్చడం. దోషం దొరికిన ప్రతిసారీ దానిని దిద్దడానికి ముందే, అది ఉన్నదని చూపే ఒక పరీక్షను రాసి శాశ్వతంగా భద్రపరచాలి. దిద్దిన తరువాత ఆ పరీక్ష నెగ్గాలి. ఆపైన ఎవరు ఏ మార్పు చేసినా, యంత్రమే పాత పరీక్షలన్నిటినీ తిరిగి జరపాలి. అప్పుడు ఒకసారి చచ్చిన పాము మళ్ళీ లేవదు.

ఈ ఆచారాన్ని శ్రద్ధగా పాటించినవారు లేకపోలేదు.

తనకు తానే శత్రువై

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ నూత్, గణిత గ్రంథాలను అందంగా అచ్చు కూర్చడానికి 1970 దశకం చివర ‘టెక్’ అనే ప్రోగ్రామును నిర్మించి, మూలపాఠంతో సహా లోకానికి ఇచ్చాడు. దానికోసం ఆయన ఒక చిత్రమైన పరీక్షను తయారుచేశాడు. బుద్ధి ఉన్న ఏ మనిషీ రాయని వంకర ఆదేశాలతో, తన ప్రోగ్రాముకు తానే పరమశత్రువునని భావించుకుని, దాని మూలమూలలనూ హింసించే విధంగా కూర్చిన పరీక్ష అది. దానిలో నెగ్గనిదే మరే ప్రోగ్రామూ ‘టెక్’ అన్న పేరు పెట్టుకోరాదని నియమం విధించాడు.

అంతటితో ఆగక, దోషం చూపినవారికి సొంత డబ్బు బహుమతిగా ఇవ్వసాగాడు. ఆ మొత్తం క్రమంగా రెట్టింపు అవుతూ 327 డాలర్ల 68 సెంట్లకు చేరి నిలిచింది. తాను చేసిన తప్పులన్నిటినీ ఒక చిట్టాగా రాసి 1989లో ప్రకటించాడు కూడా. తప్పును దాచుకోవడం కాక, దానిని పాఠంగా పదిమంది ముందు పెట్టడం ఆయన ఆచారం.

ఒక వరుసకు 590 వరుసలు

రిచర్డ్ హిప్ అనే ప్రోగ్రాము రచయిత 2000లో ‘ఎస్‌క్యూలైట్’ అనే చిన్న సమాచార భాండాగారాన్ని రాశాడు. అమెరికా నౌకాదళపు యుద్ధనౌకకు సంబంధించిన పని చేస్తున్నప్పుడు కలిగిన ఆలోచన అది. నేడు ఆండ్రాయిడ్ ఫోనులోనూ, ఐఫోనులోనూ అది ఉన్నది. దానిని పోషించే బృందంలోని వారిని వేళ్ళమీద లెక్కించవచ్చు.

2023లో వెలువడిన ఒక రూపంలో ఆ ప్రోగ్రాము పాఠం సుమారు 1,55,800 వరుసలు. దానిని పరీక్షించే పాఠం 9 కోట్ల 20 లక్షల వరుసలకు పైబడినది. అనగా ప్రోగ్రాము ఒక వరుసకు పరీక్ష 590 వరుసలు! విమానాలలో వాడే సాఫ్టువేరుకు విధించిన ప్రమాణాల నుండి ప్రేరణ పొంది, ప్రోగ్రాములో దారి చీలే ప్రతి చోటా రెండు దారులనూ నడిచి చూసే పరీక్షలను 2009 నాటికి వారు పూర్తిచేశారు. జ్ఞాపకశక్తి చాలకపోతే ఏమవుతుంది? రాస్తుండగా కరెంటు పోతే ఏమవుతుంది? డిస్కు చెడిపోతే? ఇటువంటి ఆపదలన్నిటినీ కృత్రిమంగా కల్పించి చూస్తారు. దోషాన్ని చూపే కొత్త పరీక్ష చేరనంతవరకు ఆ దోషం దిద్దినట్టు లెక్క కాదన్నది వారి కట్టుబాటు.

ఇందులో మరొక విశేషం ఉన్నది. ఆ ప్రోగ్రామును ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. కాని వారి పరీక్షల సంపుటాలలో ఒకదానికి మాత్రం వెల ఉన్నది! పంటను ఊరికి పంచిపెట్టి, కంచెకు వెల కట్టినట్టున్నది గదా. ఆ కంచె విలువ తెలిసినవారు గనుకనే అట్లా చేశారు.

తొమ్మిది లక్షల తెలుగు మాటలు

ఒక్కరి యంత్రంలో పరీక్షించడం చాలదని గ్రహించినవారు ‘పోస్ట్‌గ్రెస్’ సమాచార భాండాగార నిర్మాతలు. 2004 నుండి వారు ఒక సామూహిక ఏర్పాటు నడుపుతున్నారు. దేశదేశాల స్వచ్ఛంద సేవకులు తమ తమ యంత్రాలను ఇందుకు కేటాయిస్తారు. ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క జంతువు పేరు. మూలపాఠం మారగానే ఆ మందలోని యంత్రాలు తమంతట తాము దానిని నిర్మించి, పరీక్షించి, ఫలితాన్ని బహిరంగంగా ప్రకటిస్తాయి. ‘నా యంత్రంలో బాగానే నడుస్తున్నదే’ అన్న మాటకు అక్కడ తావు లేదు.

లినక్స్‌లోనూ ఒక మంచి సంప్రదాయం ఉన్నది. ఒక మార్పును నమోదు చేసేటప్పుడు, దానిని రాసినవారి పేరుతోపాటు దోషాన్ని తెలియజేసినవారి పేరును, పరీక్షించి చూసినవారి పేరును కూడా అక్కడే శాశ్వతంగా రాస్తారు. పునాదిని చూసేవాడికి దక్కని గౌరవాన్ని ఇట్లా కొంతవరకు దక్కించారు.

మన తెలుగుకు నేరుగా సంబంధించిన సంగతి మరొకటి. తెలుగు అక్షరాలు తెరమీద సక్రమంగా కనిపించాలంటే హల్లులు, గుణింతాలు, వత్తులు ఒకదానితో ఒకటి కూడే తీరు ప్రోగ్రాముకు తెలియాలి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రె ఆఫీస్ ఈ పనికి వాడుకునేది ‘హార్ఫ్‌బజ్’ అనే ఉచిత సాఫ్టువేరును. దాని ప్రధాన రచయిత బెహ్‌దాద్ ఎస్ఫాబోద్ ఇరాన్ దేశంలో పుట్టినవాడు. భారతీయ లిపుల భాగాన్ని సరిచూడడానికి వికీపీడియా పాఠాల నుండి మాటలను సేకరించి, ఒక్కొక్క మాటనూ తన ప్రోగ్రాము కూర్చిన తీరుతో మైక్రోసాఫ్టువారి ప్రోగ్రాము కూర్చిన తీరును పోల్చి చూశారు. తెలుగు మాటలే సుమారు 9 లక్షల 70 వేలు! వాటిలో తేడా వచ్చినవి చాలా కొద్ది మాత్రమే. నేడు అనేకుల ఫోన్లలో మన వత్తులు చెదరకుండా నిలిచి ఉండడం వెనుక ఇంతటి శ్రమ ఉన్నది.

అర సెకను ఆలస్యం

పరీక్షల ఆచారం ఉంటే ఇక భయమే లేదా? అట్లా అనుకోవడమూ పొరపాటే. 2024 మార్చి 29న వెల్లడైన సంఘటన ఇందుకు తార్కాణం.

ఫైళ్ళను కుదించే ‘ఎక్స్‌జడ్’ అనే ఉచిత ప్రోగ్రామును ఏళ్ళ తరబడి ఒక్క వ్యక్తి తీరిక వేళల్లో పోషిస్తూ వచ్చాడు. ‘జియా టాన్’ అనే మారుపేరుతో ఒక అజ్ఞాతవ్యక్తి 2021 నుండి సహాయకుడిగా చేరి, ఓపికగా పనిచేసి, నమ్మకం సంపాదించి, చివరకు విడుదలలు చేసే అధికారం పొందాడు. ఆ తరువాత ఇతరుల కంప్యూటర్లలోకి దొంగతనంగా ప్రవేశించేందుకు ఒక దొడ్డిదారిని అమర్చాడు. దానిని దాచిన చోటు ఏది? పరీక్షల అరలో! చెడిపోయిన ఫైలు ఎదురైతే ప్రోగ్రాము ఎట్లా ప్రవర్తిస్తుందో చూడడానికి, అర్థంలేని అంకెలతో నిండిన పరీక్ష ఫైళ్ళను ఉంచడం పరిపాటి. వాటిని ఎవరూ తెరచి చదవరు. కాపలావాడి గదిలోనే దొంగ కాపురం పెట్టాడు.

దానిని బయటపెట్టినవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్. పైన చెప్పిన పోస్ట్‌గ్రెస్ నిర్మాతలలో ఒకడు. వేరే పని మీద తన యంత్రం వేగాన్ని కొలుస్తుండగా, దూరం నుండి కంప్యూటరులోకి ప్రవేశించేటప్పుడు ఎప్పుడూ లేనిది అర సెకను ఆలస్యం కావడం ఆయన గమనించాడు. మరొకడైతే పట్టించుకునేవాడు కాదు. ఆయన ‘ఎందుకు?’ అని ప్రశ్నించి, కారణం దొరికేదాకా తవ్వాడు. ఆ కలుషిత రూపం ప్రధాన లినక్స్ విడుదలలలోకి విస్తరించక ముందే పట్టుబడింది. పదిమందిలో ఒకడు కర్ర ఎత్తాడు.

యంత్రాలు చేసే పరీక్షకు కూడా ఎంతో విలువ ఉన్నది. 2016లో గూగుల్ సంస్థ ప్రారంభించిన ఒక ఏర్పాటులో, ఓపెన్ సోర్సు ప్రోగ్రాములకు యంత్రమే అడ్డదిడ్డమైన సమాచారాన్ని రాత్రింబగళ్ళు పెట్టి చూస్తుంది. 2023 నాటికి సుమారు వేయి ప్రోగ్రాములలో 36,000కు పైగా దోషాలు అట్లా బయటపడ్డాయి. అయినా ‘ఇది ఇట్లా ఉండకూడదే’ అన్న అనుమానం మనిషికి కలగవలసిందే. పరీక్ష రాసేది ఆ అనుమానమే. యంత్రం దానిని మరువకుండా కాపాడుతుంది.

మన వంతు

నేడు మన దేశపు కళాశాలల నుండి వేలాది యువతీయువకులు ఓపెన్ సోర్సు కృషిలో పాల్గొంటున్నారు. పేరు తెచ్చే కొత్త సౌకర్యం కోసమే అందరూ ఆరాటపడతారు. తొలిమెట్టుగా ఒక పాత దోషానికి పరీక్ష రాసి ఇవ్వడం అంతకన్నా మేలైన సేవ. అది మూలపాఠాన్ని లోతుగా చదివిస్తుంది. పెద్దల విశ్వాసాన్ని సంపాదించి పెడుతుంది. రాసినవారు వెళ్ళిపోయిన తరువాత కూడా కావలి కాస్తుంది.

ప్రోగ్రాము రాయనివారికీ ఇందులో పాత్ర ఉన్నది. తెరమీద ఒక తెలుగు వత్తు తలకిందులుగా కనిపిస్తే, ‘ఇంతేలే’ అని సరిపెట్టుకోవడం మన అలవాటు. ఏ మాట, ఏ ఫోను, ఏ ప్రోగ్రాము, ఏం చేసినప్పుడు జరిగింది, ఏమి కనిపించవలసి ఉండగా ఏమి కనిపించింది అని నాలుగు వాక్యాలలో దాని నిర్మాతలకు రాసి పంపితే, అది రేపటి పరీక్షకు బీజమవుతుంది. తెలుగు తెలియని రచయితకు ఆ తప్పు ఎన్నటికీ కనిపించదు. అది కనిపించే కళ్ళు మనవే.

‘జ్ఞా’ అన్న అక్షరానికి సరైన పరీక్షను తెలుగు చదవగలిగినవారు కాక మరెవరు రాస్తారు? పాము కనిపించినప్పుడు పక్కవాడి వైపు చూడకుండా ఉండడమే ఈ విద్యలో మొదటి పాఠం.